కారు పాటలో కీచురాయి

ఇంజను ఆపి వున్నంతసేపూ ఘంటసాలవారి గొంతు తేనెలా జాలువారుతూంటుంది. తాళం తిప్పి బండి కదిలించారో లేదో, ఆ గొంతు వెనకాల ఎవరో సన్నగా ఈల అందుకుంటారు. మీరు ఏక్సిలరేటరు తొక్కితే ఈల శ్రుతి పెరుగుతుంది. కాలు తీస్తే దిగుతుంది. ఒక పాట అయిపోయి మరో పాట మొదలయ్యేలోగా వుండే ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలో అయితే, డ్యాష్‌బోర్డు లోపల కీచురాయి కాపరం పెట్టిందా అనిపిస్తుంది. నిన్నగాక మొన్న వేలకు వేలు పోసి కొత్త సెట్టూ, డిక్కీలో యాంప్లిఫయరూ, వెనకవైపు ఇంతింత లౌడుస్పీకర్లూ పెట్టించుకున్న మనిషికి అప్పుడు ఎట్లా వుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన తిన్నగా సెట్టు బిగించిన షాపుకే వెళతాడు. షాపువాడు తల ఒకవైపు వాల్చి కాసేపు విని, "ఫిల్టరు పడాలి సార్" అంటాడు. ఫిల్టరు పడుతుంది. ఈల పావువంతు తగ్గినట్టు ఆ పూటకు అనిపిస్తుంది. మర్నాడు మళ్లీ మామూలే. తరువాత తీగలు మారతాయి, ప్లగ్గులు మారతాయి, ఆఖరికి యాంప్లిఫయరే మారుతుంది. ఈల మాత్రం ఇంటల్లుడిలాగా కదలదు.

నిజానికి ఈ రొదకు ఒక మంచిగుణం వున్నది. అది అబద్ధం చెప్పదు. తాను ఎక్కడ పుట్టిందీ, ఏ దారిన లోపలికి వచ్చిందీ అడిగితే చెబుతుంది. అడిగే పద్ధతి తెలియాలి, అంతే. ఏ వస్తువూ కొనకుండా, చెవులతోనూ వేళ్లతోనూ ఓ పావుగంట అడిగితే, నూటికి తొంభై పాళ్లు దాని చిరునామా తెలిసిపోతుంది. అడక్కుండా ఫిల్టరు కొనడమంటే, ఎందుకు ఏడుస్తున్నాడో చూడకుండా పిల్లాడి నోట్లో పీక పెట్టడం లాంటిది.

ఇంతకూ కారు ఇంజనుకూ పాటకూ ఈ తగవు ఎక్కడిది?

పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరు నెత్తినా ఒక స్పార్కు ప్లగ్గు వుంటుంది. బాటరీలో వుండేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిలు దాన్ని ఇరవై, ముప్ఫై వేల వోల్టుల దాకా పెంచి ప్లగ్గు మొనకు అందిస్తుంది. అక్కడ టప్పున నిప్పురవ్వ దూకుతుంది, పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, బండి నడుస్తుంది. అయితే విద్యుత్తు అట్లా గాలిలో దూకినప్పుడల్లా చుట్టూ తరంగాలు లేస్తాయి. 1887 ప్రాంతంలో జర్మనీలోని కార్ల్‌స్రూహె పట్టణంలో హైన్రిచ్ హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త రేడియో తరంగాలను మొట్టమొదట పుట్టించి చూపింది సరిగ్గా ఇటువంటి నిప్పురవ్వతోనే. తరువాత మార్కోనీ సముద్రాల మీదుగా వార్తలు పంపింది కూడా నిప్పురవ్వల యంత్రాలతోనే. కనక మీ బానెట్టు కింద నాలుగు ప్లగ్గులున్నాయంటే, నాలుగు బుల్లి మార్కోనీ స్టేషన్లున్నట్టే లెక్క. వాటికి ఏ లైసెన్సూ లేదు, ఏ వేళా లేదు. అన్ని మీటర్ల మీదా ఒకేసారి ప్రసారం చేస్తాయి.

కారులో రేడియో పెట్టాలని మొదట తంటాలు పడ్డవారికి ఈ సంగతి చప్పున తెలిసివచ్చింది. అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన 1930లో తన స్టూడిబేకర్ కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సభ జరుగుతూంటే ఆ కారును సభ బయట నిలబెట్టి, వచ్చేపోయేవారికి వినిపించాడు. ఆ సెట్టుకు ఆయన పెట్టిన పేరు మోటరోలా. తరువాత కంపెనీ పేరే అదైపోయింది. ఆనాటి బిగింపుదార్లకు రేడియో పెట్టడం ఒక ఎత్తు, ఇంజను నోరు మూయించడం ఒక ఎత్తు. ప్రతి ప్లగ్గుకూ ఒక నిరోధకం తగిలించాలి, డైనమోకు కండెన్సరు కట్టాలి, తీగలకు తొడుగులు వేయాలి.

కారులో కూర్చున్నవాడి బాధ ఇట్లా వుంటే, ఇంట్లో కూర్చున్నవాడి బాధ మరొకటి. 1950 దశకం మొదట్లో బ్రిటనులో టెలివిజన్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు, వీధిలో మోటారు పోయినప్పుడల్లా బొమ్మ మీద తెల్లటి చుక్కలు మంచులా కురిసేవి. వాహనాల ఇగ్నిషన్ వల్ల వచ్చే ఈ గోలను అదుపు చేయడానికి అక్కడ 1952లో నిబంధనలే చేశారు. ఇప్పుడు మన దేశంలో కూడా వాహనాలు చేసే విద్యుత్ అల్లరికి ఏ.ఐ.ఎస్.-004 అనే ప్రమాణం వున్నది. ఫ్యాక్టరీనుంచి దిగిన కొత్త బండి ఆ మేరకు మర్యాదస్తురాలే. అందుకనే మొట్టమొదటి ప్రశ్న ఇది: ఈల ఎప్పటినుంచి? ఫ్యాక్టరీ సెట్టు వున్నన్నాళ్లూ లేకుండా, కొత్త సెట్టు పెట్టిన రోజునుంచే వచ్చిందంటే ఇంజనును అనుమానించడం అన్యాయం. బిగింపులోనే ఏదో వున్నది. ఏళ్ల తరబడి చక్కగా పాడిన సెట్టు నిన్నటినుంచి ఈల వేస్తున్నదంటే మాత్రం బండికే ఏదో జబ్బు పట్టింది.

రెండో ప్రశ్న చెవికి సంబంధించినది. జనం అన్నిటినీ కలిపి "ఇంజను సౌండు" అంటారుగాని, ఇందులో రెండు జాతులున్నాయి.

ఒకటి చిటపట. మూకుడులో పేలాలు వేగుతున్నట్టు టక్ టక్‌మంటూ, వేగంతోపాటు దగ్గరపడుతూ వుంటుంది. ఇది ప్లగ్గుల సంతతి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కసారి తిరిగేలోగా రెండు రవ్వలు పుడతాయి. బండి నిలబడి నిమిషానికి 800 చుట్లు తిరుగుతూంటే నిమిషానికి 1,600 రవ్వలు, అంటే సెకనుకు 27. చెవి వీటిని విడివిడి దెబ్బలుగా, డప్పుమీద చిర్రా ఆడినట్టు పోల్చుకోగలదు.

రెండోది కీచురాయి, అంటే ఈల. ఇది ఆల్టర్నేటరు కూతురు. ఆల్టర్నేటరు కప్పీ చిన్నది గనక ఇంజను ఒకసారి తిరిగితే అది రెండున్నర సార్లు తిరుగుతుందనుకోండి. అది పుట్టించే విద్యుత్తును డయోడ్లు ఒకే దిక్కుకు మళ్లించేటప్పుడు, చాలా కార్ల ఆల్టర్నేటర్లలో చుట్టుకు 36 అలలు మిగిలిపోతాయి. లెక్క వేయండి. ఇంజను 800 చుట్లు తిరిగితే ఆల్టర్నేటరు 2,000. అంటే సెకనుకు 33 చిల్లర చుట్లు, 1,200 అలలు. సెకనుకు 1,200 అలలంటే చెవికి దెబ్బలుగా ఎక్కడ వినిపిస్తాయి? సన్నని రాగమే. ఇంజను వేగం మూడింతలైతే అదీ 3,600 అవుతుంది, కీచుమంటుంది.

ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ఈల వేస్తున్న బండికి ప్లగ్గులు మార్చడం, పంటి నొప్పికి కంటిలో చుక్కలు వేయడం ఒకటే. ఇంకో చిన్నమాట. డీజిలు బండికి స్పార్కు ప్లగ్గులే వుండవు. అయినా డీజిలు జీపులో ఈల వస్తుంది. అది ఆల్టర్నేటరుదే. ఇప్పటి డీజిలు ఇంజన్లలో ఇంజెక్టర్లు కూడా విద్యుత్తుతోనే తెరుచుకుంటాయి గనక వాటినుంచి కొద్దిగా టిక్కుటిక్కు రావచ్చు, అది వేరే సంగతి.

ఇంజను వేగంతో సంబంధం లేకుండా ఒకే తీరున వచ్చే గురగుర పెట్రోలు పంపుదో, ఏ.సి. ఫానుదో అయివుంటుంది. ఫాను తిప్పి, ఆపి చూస్తే తెలుస్తుంది. ఇంజను ఆపినా, తాళం సగం తిప్పి వుంచినప్పుడు ఎఫ్.ఎం.లో బుస్సుమంటున్నదంటే సిగరెట్టు లైటరు బెజ్జంలో పెట్టిన చవకబారు ఛార్జరును పీకి చూడండి. ఈమధ్య ఈ ఛార్జర్లూ, బయట కొని తగిలించే ఎల్.ఇ.డి. దీపాలూ, అద్దానికి అంటించే కెమేరాలూ చేసే అల్లరి ఇంజను చేసేదానికి తీసిపోవడం లేదు. ఒక్కొక్కటే పీకి వింటూ పోవాలి.

మా పేటలో ఒకతను కిరాయి కారు నడుపుతాడు. పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ వెళ్లే బండి. అందులో పాట బాగుంటే బేరం బాగుంటుందని అతని నమ్మకం, అది వట్టి నమ్మకం కూడా కాదు. గత సంవత్సరం కొత్త సెట్టు, యాంప్లిఫయరు వేయించాడు. ఈల వచ్చింది. ఫిల్టరు, కొత్త తీగలు, నాలుగు ప్లగ్గులు అయ్యాయి. ఈల పోలేదు. తిరుపతి కొండ ఎక్కుతూంటే వెనక సీటులో ముసలమ్మగారు, "నాయనా, ఆ ఈల ఆపించు, సుప్రభాతం వినపడ్డంలేదు" అన్నదట. దాంతో అతనికి ప్రాణం చచ్చినంత పనయింది. చివరకు యాంప్లిఫయరు మార్చేద్దామని బయలుదేరుతూంటే, ఎవరో బెజవాడ ఆటోనగరులో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపారు. అందరూ ఆయన్ను సాయిబుగారనే పిలుస్తారు. నేనూ వెంట వెళ్లాను గనక ఆ వైద్యం కళ్లారా చూశాను.

సాయిబుగారు ముందు బానెట్టు ఎత్తలేదు. స్టీరింగు ముందు కూర్చుని, "ఇంజను వద్దు. ఉత్త పాట పెట్టవయ్యా" అన్నారు. నిశ్శబ్దం, శుభ్రమైన పాట. "ఇప్పుడు స్టార్టు చెయ్యి." ఈల మొదలయింది. ఏక్సిలరేటరు తొక్కించారు, ఈల పెరిగింది. అది ఆల్టర్నేటరుదని తేలిపోయింది.

తరువాత చేసిన పని చాలా చిన్నది. అందరూ చేయవలసినదీ, ఎవరూ చేయనిదీ అదే. శబ్దం పెంచే మీటను సున్నాకు తిప్పేశారు. పాట ఆగిపోయింది. ఈల ఆగలేదు, రవంతైనా తగ్గలేదు.

"చూశావా నాయనా, మీట నా మాట వింటున్నది, ఈల వినడంలేదు" అన్నారాయన. అంటే ఏమిటి? రొద ఏరియలు గుండానో, సెల్‌ఫోను గుండానో సెట్టులోకి వచ్చివుంటే, అది కూడా పాటతోపాటే ఆ మీటను దాటి రావాలి. మీట తగ్గిస్తే అదీ తగ్గాలి. తగ్గలేదంటే మీట దాటిన తరువాతే ఎక్కడో దూరింది. ఏరియలు నిర్దోషి, ఫోను నిర్దోషి. మిగిలినవి సెట్టునుంచి డిక్కీదాకా పాటను మోసుకుపోయే సన్న తీగలు, యాంప్లిఫయరు, దాని కరెంటు, దాని ఎర్తు. ఒక్క మీట తిప్పడంతో సగం కారు అనుమానితుల జాబితాలోంచి తొలగిపోయింది.

ఇంజను ఆపించి, అన్నీ ఆపించి, యాంప్లిఫయరులో గుచ్చిన ఆ సన్న తీగలను ఊడదీశారు. (అన్నీ ఆపకుండా ఊడదీయకూడదు. ఎందుకో తరువాత చెబుతాను.) జేబులోంచి రెండు ఉత్త పిన్నులు తీశారు. వాటి నడిమి మొననూ పై అంచునూ కలిపి టంకం వేసుకున్నారు. వాటిని యాంప్లిఫయరు బెజ్జాల్లో గుచ్చి మళ్లీ స్టార్టు చేయించారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. యాంప్లిఫయరుకు ఏ రోగమూ లేదన్నమాట. మావాడు దాన్నే మార్చేద్దామని బయలుదేరాడు గదా.

ఇక పాట తీగలు. కరెంటు తీగ పక్కనే తివాచీ కింద పాట తీగ పడుకుని వుంటే రొద అంటుకోవచ్చు. అందుకని ఆయన వేరే తీగ ఒకటి తెచ్చి, సెట్టునుంచి సీట్ల మీదుగా గాలిలో లాగి డిక్కీలో తగిలించారు. ఈల అట్లాగే వున్నది. తీగ దారిలో తప్పు లేదు. అప్పుడు మీటరు తీశారు. ఒక కొస యాంప్లిఫయరు ఎర్తు మీద, మరో కొస పొడుగాటి తీగతో బాటరీ నెగెటివ్ మీద పెట్టి, పాట గట్టిగా పెట్టించారు. మీటరు అర వోల్టు దాటి ఎగిరెగిరి పడుతున్నది. ఆ రెండు చోట్లూ ఒకటే కావాలి, సున్నాకు దగ్గరగా వుండాలి.

ఎర్తు తీగ వెంట వేలు పోనిచ్చి చూస్తే, వెనక సీటు కింద ఒక రేకు మరకు బిగించి వుంది. దాని కింద కంపెనీ రంగు నిగనిగలాడుతున్నది. రంగు మీద బిగించిన ఎర్తు, దుప్పటి మీదనుంచి నాడి చూడడం లాంటిది. సాయిబుగారు పక్కనే గట్టి రేకు వెతికి, కింద పెట్రోలు గొట్టంగాని తీగగాని లేదని వంగి చూసి, ఉప్పుకాగితంతో రంగు గీకి తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దారు. పళ్లున్న వాషరు వేసి, మందంగా వుండే అడుగున్నర తీగను బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు పూశారు. ఈల పోయింది. ఆయన పుచ్చుకున్నది ఫిల్టరు ఖరీదులో సగం లేదు. "సీటుబెల్టు బోల్టు మాత్రం ఎవరు చెప్పినా విప్పకు. అది పాటకోసం పెట్టింది కాదు, ప్రాణంకోసం పెట్టింది" అని ఒకమాట చెప్పి పంపారు.

ఇంత చిన్న రంగు పొరకు అంత ఈల ఎందుకు? కారులో కరెంటు బాటరీనుంచి తీగల మీద వెళుతుంది, తిరిగి వచ్చేది మాత్రం కారు ఇనుప ఒంటి మీదుగా. దీపాల కరెంటు, హారను కరెంటు, ఆల్టర్నేటరు కరెంటు, పాట కరెంటు అన్నీ ఆ ఒంటి మీదనుంచే ఇంటికి వస్తాయి. ఊరందరి నీళ్లూ ఒకే బోదెలోకి వదిలినట్టు. ఎగువన ఆల్టర్నేటరు అలలు లేపితే దిగువన మీ గట్టు దగ్గర నీటిమట్టం ఊగుతుంది. సెట్టు ఎర్తు డ్యాష్‌బోర్డు దగ్గర, యాంప్లిఫయరు ఎర్తు డిక్కీలో వుంటాయి. ఈ రెండు చోట్లా మట్టం ఒక్కటిగా లేకపోతే, పాట తీగ పై తొడుగు ద్వారా ఆ తేడా కరెంటు ప్రవహిస్తుంది. యాంప్లిఫయరుకు పాటేదో తేడా ఏదో తెలియదు. రెంటినీ కలిపి పెంచి లౌడుస్పీకరుకు ఇచ్చేస్తుంది. పెద్ద యాంప్లిఫయరు గట్టిగా పాడేటప్పుడు 30 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, ఎర్తు దగ్గర ఓములో యాభయ్యోవంతు అడ్డంకి వున్నా చాలు, ఆరు పదులవంతుల వోల్టు తేడా వచ్చేస్తుంది. పాట తీగలో వచ్చే పాట బలమే ఒకటి రెండు వోల్టులు. ఇంక వినపడక ఏమవుతుంది?

సెల్‌ఫోనులో వచ్చే ఈల కూడా ఇదే కథ. ఫోనును ఛార్జరుకు తగిలించి, అదే ఫోనునుంచి తీగతో సెట్టుకు పాట ఇస్తే ఎర్తుకు రెండు దారులు ఏర్పడతాయి, చుట్టు పడుతుంది, ఈల వస్తుంది. ఛార్జరు పీకగానే పోయిందంటే అనుమానం లేదు. బ్లూటూత్‌లో పాట పెట్టుకుంటే తీగే వుండదు గనక చుట్టూ వుండదు. మందు అంత తేలిక.

యాంప్లిఫయరు మీద గెయిన్ అని ఒక చిన్న మర వుంటుంది. దాన్ని శబ్దం పెంచే మర అనుకుని చివరంటా తిప్పేస్తారు మనవాళ్లు. అది సెట్టు ఇచ్చే బలానికి యాంప్లిఫయరును జతపరిచే మర. చివరిదాకా తిప్పితే పాటతోపాటు దారిలో పోయే ప్రతి రొదనూ ఇంట్లోకి పిలిచి పీట వేసినట్టే. సెట్టు మీట ముప్పాతిక దాకా పెంచి, పాట బొంగురుపోకుండా వుండేచోట గెయిన్ నిలిపేస్తే చాలు.

అన్నీ ఆపకుండా పాట తీగలు ఊడదీయవద్దన్నాను గదా. కొన్ని సెట్లలో పాట తీగల తొడుగుకు ఎర్తు ఇచ్చే దారిలో వెంట్రుకంత ఫ్యూజు వుంటుంది. సెట్టు నడుస్తూండగా తీగ గుచ్చడం, పీకడం చేస్తే ఏదో ఒక క్షణాన అది మాడిపోతుంది. పాట వస్తూనే వుంటుంది, ఈల మాత్రం గంపెడు వస్తుంది. ఒక తీగ ముక్కతో సెట్టు వెనక పాట బెజ్జపు అంచును సెట్టు ఇనుప డొక్కుకు తాకించి చూడండి. ఈల టక్కున ఆగిపోతే అదే. ఇది పని తెలిసినవాడు విప్పి బాగుచేయవలసిన సంగతి.

ఇక చిటపటల సంగతి. ఇది సాధారణంగా రేడియోలోనే, అందులోనూ మీడియం వేవ్ మీద ఎక్కువ వినిపిస్తుంది. ఎఫ్.ఎం. పద్ధతిలో తరంగం ఎత్తుపల్లాలను పట్టించుకోరు గనక రవ్వ దెబ్బలు చాలావరకు రాలిపోతాయి. స్టేషను బలహీనంగా వున్నచోట మాత్రం అక్కడా దూరతాయి. ఏరియలు పిన్ను సెట్టు వెనకనుంచి పీకి చూస్తే చాలు. చిటపట ఆగిందంటే గాలిదారినే వస్తున్నది. అప్పుడు ముందు చూడవలసింది ఏరియలు మొదలు. అది కారు ఒంటికి బిగించినచోట తుప్పు పట్టి, తీగ తొడుగుకు ఎర్తు అందకపోతే, ఏరియలు ఊరి పాటకంటే ఇంజను రొదనే ముద్దుగా వింటుంది. బానెట్టుకూ ఒంటికీ మధ్య కొన్ని బళ్లలో అల్లిన రాగి పట్టీ వుంటుంది. డెంటింగు, పెయింటింగు చేసేవాళ్లు దాన్ని పనికిరాని ముక్క అని తీసి పారేస్తారు. ఇంజను మీద మూతలా వుండి తరంగాలను ఆపవలసిన బానెట్టు, ఆ పట్టీ పోతే తానే ఏరియలై కూర్చుంటుంది.

తరువాత ప్లగ్గులు. ఇప్పటి కార్లలో ప్లగ్గు లోపలే సుమారు 5,000 ఓముల నిరోధకం వుంటుంది. ప్లగ్గు మీద అక్షరాల్లో ఆర్ అనే అక్షరం దానికి గుర్తు. ఎన్.జి.కె. కంపెనీలో బి.పి.6ఇ.ఎస్. అంటే నిరోధకం లేనిది, బి.పి.ఆర్.6ఇ.ఎస్. అంటే వున్నది. రెండూ ఒకే మరలో బిగుసుకుంటాయి, బండి రెంటితోనూ నడుస్తుంది. అందుకనే పొరపాటు బయటపడదు, రేడియో ఒక్కటే పట్టుకుంటుంది. పాత బళ్లలో కాయిలునుంచి ప్లగ్గులదాకా పోయే లావుపాటి తీగల్లో కూడా నిరోధకం వుండాలి. మన్నుతుందని ఉత్త రాగి తీగ వేస్తే చిటపట ఖాయం.

ఆ తీగల రబ్బరు ముసలిదై బీటలు వారితే రవ్వ ప్లగ్గుదాకా పోకుండా దారిలోనే ఇనుముమీదికి దూకుతుంది. వానాకాలం రాత్రి, చీకట్లో బానెట్టు ఎత్తి, ఇంజను నడుస్తూండగా దూరంనుంచి చూడండి. తీగల మీద నీలంగా మిణుగురులు కనిపిస్తాయి. చేయి మాత్రం పెట్టకండి. అది ఇరవై వేల వోల్టుల మిణుగురు. అట్టే వెలుతురు లేకపోతే, పాతకాలపు జేబు ట్రాన్సిస్టరు ఒకటి సంపాదించి, మీడియం వేవ్‌లో స్టేషను లేనిచోట నిలిపి, ఇంజను చుట్టూ తిప్పండి. రొద ఎక్కడ మీదపడుతుందో అక్కడే దొంగ. అటకమీద దుమ్ముకొట్టుకుపోయిన తాతగారి ట్రాన్సిస్టరుకు ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం ఈ రోజుల్లో దొరకదు.

పాత అంబాసడరో, ఫియట్టో ముద్దుగా దాచుకున్నవారికి ఒకమాట. కాయిలుకు కండెన్సరు కట్టేటప్పుడు అది తాళంనుంచి కరెంటు వచ్చే కొసకే కట్టాలి. డిస్ట్రిబ్యూటరువైపు కొసకు కడితే రేడియో సంగతేమోగాని బండే సరిగా నడవదు. ఇంకా పాత బ్రిటిషు బళ్లు కొన్నింటిలో ఒంటికి కలిపేది బాటరీ పాజిటివ్ కొస. ఈనాటి సెట్టు చూడకుండా తగిలిస్తే పాటకు బదులు పొగ వస్తుంది.

అయితే ఫిల్టరు అసలు దండుగేనా? కాదు. ఎర్తులూ తీగలూ అన్నీ సరిచూసిన తరువాత కూడా కొంత గొణుగుడు మిగిలితే, సెట్టు లాగే కరెంటుకు తగిన ఫిల్టరు కరెంటు తీగలో వేయవచ్చు. పాట తీగల్లో వేసేది మరో రకం. అందులో చవకవి ఈలతోపాటు మృదంగం మోతను కూడా మింగేస్తాయి. నా అభిప్రాయంలో ఫిల్టరు కషాయం తరువాత తాగే పటికబెల్లం, కషాయం కాదు.

పైగా కొన్ని ఈలల నోరు అసలు మూయకూడదు. ఆల్టర్నేటరులో ఒక డయోడు పోతే మొదట చెప్పేది పాటే. దీపాలు సన్నగా అదరడం, రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి స్టార్టు కాకపోవడం తరువాత వస్తాయి. ఇంజను నడుస్తూండగా బాటరీ మీద మీటరు పెట్టి చూస్తే సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులదాకా వుండాలి. అదే మీటరును ఏ.సి. వోల్టులకు మార్చి చూసినప్పుడు అర వోల్టు దాటి చూపిస్తే డయోడును అనుమానించాలి. ఆ ఈలకు ఫిల్టరు వేసినవాడు, ఏ ఘాటురోడ్డులోనో అర్ధరాత్రి దీపాలు ఆరిపోయిన బండితో నిలబడవచ్చు.

ఈలకంటే చేటు తెచ్చేది ఇంకొకటి వుంది, అది చప్పుడు చేయదు. యాంప్లిఫయరుకు బాటరీనుంచి నేరుగా లాగే లావు తీగకు బాటరీ దగ్గరే, మూరెడు దూరంలోపల, ఫ్యూజు వుండి తీరాలి. ఇంజను గదినుంచి లోపలికి వచ్చే బెజ్జంలో రబ్బరు గొట్టం వుండాలి. అది లేకపోతే బండి అదురుకు రేకు అంచు తీగను కోస్తూ కోస్తూ ఒకనాడు రాగిని తాకుతుంది. ఫ్యూజు లేకపోతే బాటరీ బలమంతా ఆ ఒక్క చోట మంటవుతుంది. ఫ్యూజు డిక్కీలో యాంప్లిఫయరు పక్కన పెట్టాం గదా అంటారు కొందరు. అది యాంప్లిఫయరును కాపాడుతుంది, దారిపొడుగునా పడుకున్న తీగను కాపాడదు. ఈల వెతకడానికి బానెట్టు ఎత్తినప్పుడు ముందు ఇది చూడండి. డ్యాష్‌బోర్డు కింద పసుపుపచ్చ తొడుగున్న తీగలు కనబడితే చేయి తీసేయండి. అవి ఎయిర్‌బ్యాగులవి.

విద్యుత్ కార్లు వచ్చాక ఈ గొడవ వదులుతుందని అనుకున్నవారున్నారు. ప్లగ్గు లేదు, ఆల్టర్నేటరు లేదు, ఇంక ఎవరు ఈల వేస్తారు? కాని ఆ కార్లలో మోటారును నడిపే ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు పెద్ద కరెంటును తెంచి కలుపుతూ వుంటుంది. ఆ రొద సరిగ్గా మీడియం వేవ్ మీదకే వచ్చి పడుతుంది. కొన్ని కంపెనీలు ఆ కారణమే చెప్పి తమ విద్యుత్ కార్లలో ఏ.ఎం. రేడియోను ఎత్తివేశాయి. అమెరికాలో, తుపానులూ ప్రమాదాలూ వచ్చినప్పుడు హెచ్చరికలు వినేది దానిలోనే గదా అని పెద్ద దుమారం లేచింది. ప్రతి కొత్త కారులోనూ ఏ.ఎం. వుండి తీరాలని 2023లో అక్కడి కాంగ్రెసులో బిల్లు పెట్టారు. ఆ ఏడాది మే నెలలోనే ఫోర్డు కంపెనీ, తీసేద్దామనుకున్న ఏ.ఎం. రేడియోను 2024 మోడళ్లలో ఉంచుతామని ప్రకటించింది.